రాతిదుమ్ము జబ్బు – కూలివాని హక్కు

వర్షాలు లేని సంవత్సరాలలో మన పల్లెల నుండి అనేకులు రాళ్ల క్వారీలకు, క్రషర్లకు, పలకల గనులకు కూలికి వెళుతుంటారు. కొన్నేండ్లు గడిచాక వారిలో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. "టి.బి. కాబోలు" అని మందులు వాడతాము, తగ్గకపోతే "తలరాత" అని ఊరుకుంటాము. అది తలరాత కాదనీ, దానికి చట్టప్రకారం పరిహారమున్నదనీ తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ జబ్బు పేరు సిలికోసిస్. రాయిని పగులగొట్టినప్పుడు, కోసినప్పుడు కంటికి కనిపించనంత సన్నని సిలికా దుమ్ము లేస్తుంది. నోటికి కట్టుకున్న తువ్వాలు దానిని ఆపలేదు. అది ఊపిరితిత్తుల లోపల చేరి, మెత్తని కండను మచ్చలు కట్టిస్తుంది. సాధారణంగా పదేండ్ల తరువాత బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే కొద్ది సంవత్సరాలలోనే ప్రాణం తీస్తుంది. దీనిని నయం చేసే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవారికి టి.బి. కూడ తేలికగా సోకుతుంది గనుక, డాక్టరు ఇచ్చిన టి.బి. మందులు మానరాదు.

గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతంలో పలుగురాయిని పిండిచేసే కార్ఖానాలకు మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల గిరిజనులు కూలికి వెళ్లారు. తిరిగి వచ్చినవారు ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. వ్యవహారం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. మృతులైన 238 మంది కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయలు చెల్లించాలని 2016లో కోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. చనిపోయినవారు తిరిగి రాలేదు గాని, ఆ చావులకు కారణం పనేనని దేశం ఒప్పుకొన్నది.

పని వలన వచ్చిన జబ్బును పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూడాలని 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోను ఆ ఏర్పాటు నిలిచియున్నది. దాని మూడవ షెడ్యూలులో ఇటువంటి జబ్బుల పట్టిక ఉన్నది. యజమాని తప్పు చేశాడని కూలివాడు రుజువు చేయనక్కరలేదు. మేస్త్రీ ద్వారా కుదిరినా అసలు యజమానికి బాధ్యత తప్పదు. మనిషి మరణిస్తే నెల జీతంలో సగాన్ని, పూర్తిగా పనికిరాకుండా పోతే 60 శాతాన్ని, వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చించి పరిహారం లెక్కిస్తారు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారు ఆ సంస్థ నుండే పొందాలి.

హక్కు ఉన్నా కాగితం లేక పోగొట్టుకునేవారే ఎక్కువ. కాబట్టి క్వారీకి వెళ్లే ప్రతివాని ఇంట ఒక సంచి ఉంచుకొనండి. కూలి చీటీలు, గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం, తోటి పనివారి పేర్లు అందులో ఉండాలి. ఆసుపత్రిలో "ఇన్నేండ్లు రాతిదుమ్ములో పనిచేశాను" అని డాక్టరుతో చెప్పి చీటీలో వ్రాయించుకొనండి. ఎక్స్‌రేలు పారవేయవద్దు. దరఖాస్తుకు గడువున్నది గనుక, జబ్బు తెలిసిన వెంటనే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.

మన సంఘాలలో చదువుకున్న యువతీయువకులున్నారు. దగ్గుతో మంచమెక్కిన కూలివాని ఇంటికి వెళ్లినప్పుడు, పరామర్శతో పాటు ఆ దరఖాస్తు కూడ వ్రాసిపెట్టి రావలసినదిగా కోరుతున్నాము.