మల్కారం చెరువుకు ఒడ్డు కావాలి

హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డులోని చెత్త నుంచి కారే నల్లని లీచేట్ వానలతో పాటు పల్లానికి దిగి, మల్కారం చెరువును ఏళ్ల తరబడి పాడుచేసింది. ఆ తర్వాత చెత్త గుట్టలకు కప్పు వేశారు, లీచేట్‌ను శుద్ధి చేసే ప్లాంటు 2023లో మొదలైంది. తప్పక జరగాల్సిన పనులివి. అయితే నీరు తేటపడినంత మాత్రాన చెరువు కోలుకోదు. దానిలోకి నీళ్లు తెచ్చే వాగుల ఒడ్లు కూడా బతికుండాలి.

పరుగెత్తే వాననీరు ఒడ్డున గడ్డిలో, తుంగలో, వావిలి పొదల్లో పడి నెమ్మదిస్తుంది. అప్పుడు ఒండ్రు, దాన్ని అంటుకున్న భాస్వరం అక్కడే దిగిపోతాయి. ఇంతకంటే గొప్ప పని ఒకటి కంటికి కనిపించకుండా జరుగుతుంది. గాలి చొరని తడిమట్టిలో, రాలిన ఆకుల కర్బనం ఆధారంగా బతికే బ్యాక్టీరియా నీటిలోని నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తుంది. ఆ నైట్రేటు చెరువుకు చేరితే గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. ఏరుమద్ది, నేరేడు, కానుగ వేళ్లు గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. రాతిగోడ కట్టి సిమెంటు నడకదారి వేసిన చోట ఇవేవీ జరగవు. 2012 నాటి జీవో 168 పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, పది మీటర్లకు మించి వెడల్పున్న వాగులకు 9 మీటర్లు, అంతకంటే సన్నని కాలువలకు 2 మీటర్లే కట్టడాలు లేని బఫర్‌గా విడవమంటుంది. వాననీరు మొదట దిగేది సన్న కాలువల్లోకే. ఒక చెట్టు కుదురుకోవడానికే చాలని ఆ 2 మీటర్లలో వడపోత ఎలా జరుగుతుంది?

గోడ లేకపోతే కబ్జాలు ఆగవంటారు. ఆ భయం నిజమైనదే, కాబట్టి కంచె కావాలి. అది నీటి అంచున కాక బఫర్‌కు బయట ఉండాలి. పొదలు వరదకు అడ్డుపడతాయన్నది వాగు నడిమధ్యకు వర్తిస్తుంది. అక్కడ పూడిక తీసి, ఏటవాలు ఒడ్డున మొక్కలు ఉంచవచ్చు. జమ్ము నాటితే లీచేట్‌ను కూడా అదే శుద్ధి చేస్తుందన్న ఆశ మాత్రం ప్రమాదకరం. లీచేట్‌లోని అమ్మోనియా, లవణాల తాకిడికి మొక్కలే దెబ్బతింటాయి. భారలోహాలు మాయం కావు, వేళ్లలో, బురదలో పేరుకుంటాయి. అందుకే లీచేట్ ప్లాంటుకే వెళ్లాలి, ఒడ్డుకు వాననీరు, శుద్ధిచేసిన నీరు మాత్రమే రావాలి. పెరిగిన జమ్మును కోసి బయటికి తీసేయాలి, నీళ్లలో కుళ్లితే పీల్చుకున్న పోషకాలు మళ్లీ చెరువుకే చేరతాయి. మల్కారంలో కోసిన జమ్మును లోహాల పరీక్ష చేయకుండా పశువులకు మేతగా వేయకూడదు.