సెల్ఫ్ కొడితే గరగర: పాత కారు ఏం చెబుతోంది?

బ్యాంకు అధికారికి మూడు నాలుగేళ్లకోసారి బదిలీ ఎంత ఖాయమో, ఎక్కడో ఒక ఊళ్లో సెకండ్‌హ్యాండ్ కారు కొనడమూ దాదాపు అంతే ఖాయం. ఖరగ్‌పూర్ వచ్చాక నేనూ ఒకటి కొన్నాను. నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, వయసు పద్దెనిమిదేళ్లు. నాలాంటి బండ్లు నడిపే సహోద్యోగులు మన జోన్‌లో చాలామందే ఉన్నారు కాబట్టి, వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వినిపించే శబ్దం గురించి ఈ వ్యాసం. తాళం తిప్పగానే ఇనుము ఇనుముతో పోట్లాడినట్టు వచ్చే 'గర్ర్‌ర్' శబ్దం అది.

మా ఇంట్లో ఈ శబ్దానికి విలువ కాస్త ఎక్కువ. మా మావయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు కంసావతి నది దాటి మేదినీపూర్ చేరాలి. ఐదింటికి మా వీధిలో టోటో దొరకదు. దొరికినా, చలికాలంలో ఆ వయసు మనిషిని అందులో అంతదూరం తీసుకెళ్లలేం. అందుకని డిసెంబరులో గరగర మొదలైనప్పుడు ముందుగా ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తకుండానే అంచనా చెప్పారు: సెల్ఫ్ మోటారు మొత్తం మార్చాలి, గేర్‌బాక్సు దించి ఫ్లైవీల్ రింగ్ కూడా వేయాలి, పద్నాలుగు వేలు. కారణం అడిగితే "పాత బండి కదా సార్" అన్నారు. రుణం ఎందుకు మొండిబకాయి అయిందని అడిగితే "పార్టీ కట్టలేదు సార్" అన్నట్టుంది. అబద్ధం కాదు, కానీ దానితో చేయగలిగింది ఏమీ లేదు.

మా వీధి చివర రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. తాతగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఖరగ్‌పూర్‌లో ఇలాంటి కుటుంబాలు ఎన్నో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచి ఉత్తరాంధ్ర మనుషులు తరాలుగా ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. గోల్ బజార్‌లో ఈ రోజుకీ తెలుగులో బేరమాడవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం ముందు 1072 మీటర్ల ప్లాట్‌ఫారం చూసి ఫొటోలు తీసుకుంటారు.

"బాబాయ్, ఒకసారి వింటారా?" అని అడిగితే ఆయన కారు దగ్గరకు కూడా రాలేదు. అరుగు మీద నుంచే, "శబ్దం ఎప్పుడొస్తాది బాబూ? బండి అంటుకోక ముందా, అంటుకున్నాకా? అది సెప్పు ముందు," అన్నారు. మేనేజ్‌మెంట్ కోర్సులో సమస్య నిర్వచనం మీద నేను చదివిన అధ్యాయాలన్నీ ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నాయనిపించింది.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సెల్ఫ్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. పేరే కథ చెబుతుంది. మొదట్లో కార్లను ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. ఇంజను ఎదురుతన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. మనిషి తిప్పక్కర్లేకుండా తనంతట తానే స్టార్టవుతుంది గనుక 'సెల్ఫ్ స్టార్టర్'. మన మెకానిక్కులు సగం పేరు ఉంచుకుని సగం వదిలేశారు.

తాళం తిప్పగానే కరెంటు ముందు సోలినాయిడ్‌కు వెళుతుంది. అది ఒక అయస్కాంతం. లోపలి కడ్డీని లాగుతుంది, కడ్డీ ఒక ఫోర్కును కదుపుతుంది, ఆ ఫోర్కు పదిలోపు పళ్లున్న చిన్న పినియన్‌ను ముందుకు తోసి, ఇంజను ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పెద్ద రింగ్ పళ్లలోకి దూరుస్తుంది. పళ్లు కలిశాకే కడ్డీ చివర పెద్ద కాంటాక్టు మూసుకుని మోటారుకు అసలు కరెంటు అందుతుంది. చిన్న కారులో కూడా ఇది వంద ఆంపియర్లు దాటుతుంది. ఇంజను అంటుకోగానే రింగు వేగం అందుకుంటుంది. రింగు ఒక చుట్టు తిరిగితే పినియన్ పది పన్నెండు చుట్లు తిరగాలి. ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నా పినియన్ నిమిషానికి దాదాపు పదివేల చుట్లకు చేరుతుంది. ఆ వేగం మోటారుకు చేరితే ఆర్మేచర్ చుట్టలు చెదిరిపోతాయి. చేరకుండా కాపాడేది పినియన్ వెనక ఉన్న ఒకవైపు క్లచ్. ఒకవైపు పట్టు ఇస్తుంది, రెండోవైపు జారుతుంది, సైకిల్ ఫ్రీవీల్ లాగా. పినియన్, క్లచ్ కలిపి ఉన్న ఆ భాగాన్నే మన మెకానిక్కులు 'బెండిక్స్' అంటారు. విన్సెంట్ బెండిక్స్ అనే ఆయన పాతకాలపు వేరే రకం యంత్రాంగం చేశారు. యంత్రాంగం మారినా పేరు మిగిలింది.

ఇప్పుడు బాబాయి ప్రశ్నకు వద్దాం. ఇంజను అంటుకున్నాక, తాళం వదిలేశాక కూడా గరగర వస్తుంటే పినియన్ వెనక్కి రావడం లేదని అర్థం. షాఫ్టు మీద మడ్డి చేరి ఉండవచ్చు, స్ప్రింగు నీరసించి ఉండవచ్చు, తాళం స్విచ్చే పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. ఇంజను అంటుకోక ముందు, పళ్లు కలిసే క్షణంలో గరగర వస్తే, పళ్లు అరిగాయి, లేదా పళ్లు నిటారుగా కలవడం లేదు. మోటారు 'ఉయ్‌య్' మని తిరిగి ఇంజను మాత్రం కదలకపోతే బెండిక్స్ జారుతోంది. 'టక్' మని ఒక్క దెబ్బతో ఆగితే బ్యాటరీ టెర్మినళ్లు, సోలినాయిడ్ కాంటాక్టులు చూడాలి. 'టకటకటక' అంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. కడ్డీ లాగినప్పుడు వోల్టేజి పడిపోతుంది, పడగానే కడ్డీ వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది.

నాది అంటుకోక ముందు రకం. బాబాయి రెండో ప్రశ్న: రోజూ వస్తాదా, ఒక్కోసారా? ఇది కూడా ఊరికే అడిగింది కాదు. ఇంజను ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. ఏదో ఒక సిలిండర్‌లో గాలి నొక్కుకునే చోట ఎదురుబలం తగిలి ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇది అరచుట్టుకోసారి, మూడు సిలిండర్లయితే చుట్టులో మూడింట రెండు వంతులకోసారి. అంటే ఏళ్ల తరబడి పినియన్ రింగు మీద ఆ రెండు మూడు చోట్లే కొరుకుతుంది, అక్కడి పళ్లే అరుగుతాయి. దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. గరగరమన్నప్పుడు తాళం పూర్తిగా ఆపేసి, టాప్ గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, సమతలం మీద బండిని ఒక అడుగు నెట్టండి. ఫ్లైవీల్ కాస్త తిరుగుతుంది. మళ్లీ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి సెల్ఫ్ కొట్టండి. ఈసారి శుభ్రంగా తీసుకుంటే అనుమానం రింగు మీదకు వెళ్లాలి. ఎక్కడికి జరిపినా అదే గరగర అయితే రింగు కన్నా ముందు మోటారు వైపు చూడాలి. మూడు ఉదయాలు చేశాను. నెట్టినా నెట్టకపోయినా తేడా లేదు. పద్నాలుగు వేలలో పెద్ద వాటా రింగుదీ గేర్‌బాక్సు దించే కూలిదీ గనుక, ఆ జవాబుతో సగం బరువు దిగింది.

తరవాత బ్యాటరీ. నీరసంగా ఉన్న బ్యాటరీ సోలినాయిడ్‌ను నెమ్మదిగా లాగిస్తుంది, పళ్లు సగం కలిసే సరికే మోటారు తిరగడం మొదలుకావచ్చు. చలిలో ఆయిలు చిక్కబడి, బ్యాటరీ మందగించి ఇది ఇంకా పెరుగుతుంది. మల్టీమీటరుతో చూస్తే ఆగి ఉన్నప్పుడు 12.5 వోల్టులు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.3. కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోకుంటే సాధారణంగా సరే అంటారు. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను బాడీకీ మధ్య కూడా కొలిచాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు అక్కడ అర వోల్టు దాటితే ఎర్త్ వైరు బాగోలేదని లెక్క. అదీ బాగానే ఉంది. మీటరు లేనివాళ్లు హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడవచ్చు. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ, వైర్ల వైపు వెళ్లండి.

ఆదివారం నెగటివ్ టెర్మినల్ తీసేసి, తెలిసిన మెకానిక్కు చేత సెల్ఫ్ దింపించాం. ఈ వరస ఎవరూ తప్పకూడదు. సెల్ఫ్‌కు వచ్చే లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, మధ్యలో ఫ్యూజు లేని బండ్లే ఎక్కువ. రెండు బోల్టుల్లో ఒకటి చేత్తోనే తిరిగింది, దానికి స్ప్రింగ్ వాషరు లేదు. పినియన్‌ను వేళ్లతో పట్టుకుని కదిపితే షాఫ్టు ఊగింది. ముక్కు వైపు ఉండే ఇత్తడి బుష్ అరిగి గుండ్రని రంధ్రం కోలగా మారింది. పినియన్ పళ్ల అంచులు ఒకవైపే చిట్లాయి. టొయోటా వాళ్లు ప్రచారం చేసిన 'ఐదుసార్లు ఎందుకు' పద్ధతి ఇక్కడ చక్కగా పడుతుంది. గరగర ఎందుకు? పళ్లు చిట్లాయి. ఎందుకు? పినియన్ వంకరగా కలుస్తోంది. ఎందుకు? షాఫ్టు ఊగుతోంది, మోటారూ ఊగుతోంది. ఎందుకు? బుష్ అరిగింది, బోల్టు వదులైంది. ఎందుకు? వాషరు లేదు. మొదటి 'ఎందుకు' దగ్గరే ఆగి కొత్త బెండిక్స్ ఒక్కటే వేస్తే, కొన్నాళ్లకు అదీ చిట్లేది.

సెల్ఫ్ దించినప్పుడే ఆ రంధ్రంలోంచి టార్చి వేసి రింగు చూడాలి. క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజనును కొంచెం కొంచెంగా తిప్పుతూ, మొదటి పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, పూర్తి చుట్టు చూశాం. కొన్ని పళ్లకు అంచులు కాస్త ముడుచుకున్నాయి, విరిగినది ఒక్కటీ లేదు. మన లెక్కలో చెప్పాలంటే రింగు ఇంకా ఎస్.ఎం.ఏ.లోనే ఉంది, ఎన్.పి.ఏ. కాలేదు. ఈ దశలో పట్టించుకోకుండా ఆ చిట్లిన పినియన్‌తోనే నడిపి ఉంటే అయ్యేది.

రింగు ఎలా వేస్తారని అడిగితే బాబాయి మొహం వెలిగింది. బోల్టులు, వెల్డింగు ఉండవు. రింగును వేడిచేస్తే వ్యాకోచిస్తుంది, అప్పుడు ఫ్లైవీల్ మీద కూర్చోబెడతారు, చల్లారాక బిగుసుకుపోతుంది. మన ఊళ్లలో ఎడ్లబండి చక్రానికి పిడకల మంటలో కాల్చి ఇనుప పట్టా వేసినట్టే. పాత రైలు చక్రాలకు టైర్లు వేసింది కూడా అలాగేనట. అవి వదులయ్యాయో, పగిలాయో తెలుసుకోవడానికి సుత్తితో తట్టి వినేవారు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. అరుగు మీద కూర్చునే జబ్బు చెప్పగలగడం ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఒకటి రెండు చోట్లే అరిగిన రింగును తీసి, పావుచుట్టు తిప్పి మళ్లీ వేసే పాత పద్ధతి కూడా ఉందని చెప్పారు. అరిగిన పళ్లు పినియన్ కరిచే చోటు నుంచి తప్పుకుంటాయి. అయితే పళ్ల వాలు అంచు పినియన్ వైపే ఉండాలి.

బెండిక్స్, బుష్, రెండు బోల్టులు, వాషర్లు, కూలి కలిపి పందొమ్మిది వందలు అయింది. కార్బన్ బ్రష్‌లు సగమే అరిగాయి, అయినా విప్పిన చేత్తో మార్పించాను. బెండిక్స్ షాఫ్టుకు గ్రీజు దట్టించవద్దని మెకానిక్కుకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. దుమ్ము పట్టి అది మడ్డి అవుతుంది, పినియన్ వెనక్కి రాదు. మంగళవారం తెల్లవారుజామున మావయ్యగారు వెనక సీట్లో దుప్పటి సర్దుకుంటుండగానే ఇంజను అంటుకుంది. శబ్దం రాలేదని ఆయన గమనించలేదు, నేను చెప్పలేదు.

ఒక జాగ్రత్త మాత్రం రాయాలి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకండి, తీసుకోకపోతే అర నిమిషమైనా ఆగి మళ్లీ కొట్టండి, వేడికి ముందు కాలేది ఆర్మేచరే. రింగు సంగతి, క్లచ్ ప్లేటు మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్సు దించే రోజు వస్తుంది గనుక, అప్పటికి వాయిదా వేశాను. ఆ రోజు చూడాల్సిన పళ్ల స్థానాలు సర్వీసు పుస్తకం చివరి పేజీలో రాసి ఉన్నాయి.