ఆఫ్రికా కొలువుకు పిల్లలతో వెళ్తున్నారా? దేశం కన్నా ముందు ఊరు చూడండి

బహదూర్‌పురా: గల్ఫ్ సంపాదనతో కట్టుకున్న ఇళ్లు బహదూర్‌పురా, కిషన్‌బాగ్, హసన్‌నగర్ ప్రాంతాల్లో గల్లీగల్లీకీ కనిపిస్తాయి. ఆ ఇళ్లలో తండ్రిని ఫోనులోనే చూస్తూ పెరిగిన పిల్లలకూ కొదవ లేదు. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లగలిగిన వారికి సైతం పరిస్థితులు కఠినమయ్యాయి. సౌదీ అరేబియా ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై 2017 జూలైలో తలకు నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. ఏటా పెంచుతూ 2020 జూలై నాటికి దానిని 400 రియాళ్లకు చేర్చింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగిపై పడిన భారం నెలకు 1,200 రియాళ్లు. ఫలితంగా పాతబస్తీకి చెందిన పలు కుటుంబాలు స్వస్థలానికి తిరిగివచ్చాయి.

ఇటువంటి వారికి ప్రత్యామ్నాయంగా తోచేది ఆఫ్రికా. ఔషధ సంస్థలు, ఆసుపత్రులు, కళాశాలలు, సిమెంటు కర్మాగారాలు, వాణిజ్య సంస్థలు భారతీయులకు అక్కడ ఉద్యోగాలు ఇస్తున్నాయి. అయితే ఆఫ్రికా అంటే ఒక దేశం కాదు. 54 దేశాల ఖండం. ఒంటరిగా వెళ్లే యువకుడు జీతాన్ని బట్టి దేశాన్ని ఎంచుకోవచ్చు. చంటిపిల్లలతో వెళ్లేవారు మాత్రం తాము కాపురముండబోయే ఊరిని ముందుగా పరిశీలించుకోవడం శ్రేయస్కరం.

ఉదాహరణకు అకౌంటెంటుగా పనిచేస్తున్న ఒక యువకుడికి నైజీరియాలోని లేగోస్, కెన్యాలోని నైరోబీ, బోట్స్‌వానాలోని గాబరోన్ నగరాల నుంచి పిలుపు వచ్చిందనుకుందాం. ఇంట్లో నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు ఉన్నారు. మూడింటిలోనూ లేగోస్ జీతమే ఎక్కువ. ఆ కుటుంబం దేనిని ఎంచుకోవాలి?

తొలి ప్రశ్న జ్వరం గురించే

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన బేగంపేటలోనే. ఇక్కడ ఆ జ్వరం భయం చాలావరకు తగ్గింది. ఆఫ్రికాలో తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మలేరియా మరణాలలో సుమారు 95 శాతం ఆఫ్రికా ప్రాంతంలోనే సంభవిస్తున్నాయి. అక్కడ మరణిస్తున్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఐదేళ్లలోపు పిల్లలే. ప్రపంచంలోని మొత్తం కేసులలో సుమారు నాలుగో వంతు ఒక్క నైజీరియాలోనే నమోదవుతున్నాయి.

అక్కడ అధికంగా కనిపించే ఫాల్సిపేరం రకం మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తేగలదు. పదేపదే జ్వరానికి గురై పెరిగిన స్థానికులకు కొంత నిరోధక శక్తి ఉంటుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన పిల్లలకు అది ఉండదు.

ఇక్కడే ఊరి ప్రాధాన్యం తెలుస్తుంది. నైరోబీ సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. చల్లని వాతావరణం వల్ల అక్కడ మలేరియా బెడద స్వల్పం. అదే కెన్యాలో సముద్రతీరాన ఉన్న మొంబాసాలో, విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుములో బెడద ఎక్కువ. గాబరోన్‌లో మలేరియా వ్యాప్తి దాదాపు లేదు. బోట్స్‌వానా ఉత్తరాన ఒకవాంగో చిత్తడి నేలల వైపు మాత్రం జాగ్రత్త అవసరం. లేగోస్‌లో ఏడాది పొడవునా ముప్పే. మారిషస్‌లో స్థానికంగా మలేరియా లేదు. అల్జీరియాను 2019లో, కేప్ వర్డీ, ఈజిప్టులను 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా రహిత దేశాలుగా గుర్తించింది.

మలేరియా ఉన్న ఊరికి వెళ్లక తప్పకపోతే పిల్లల బరువును బట్టి నివారణ మాత్రలను వైద్యులు సూచిస్తారు. ఆఫ్రికాలో చాలాచోట్ల క్లోరోక్విన్ పనిచేయదు. డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. మందు పూసిన దోమతెర ప్రతి రాత్రీ కట్టవలసిందే. ఒళ్లు వేడెక్కితే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. మలేరియాకు 2021లో ఒకటి, 2023లో మరొకటి టీకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. మొదటి టీకా ఉత్పత్తి పరిజ్ఞానం హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్‌కు బదిలీ అవుతోంది. అయితే ఇవి ఆ ప్రాంతాల్లో పెరిగే శిశువులకు నాలుగు విడతలుగా ఇచ్చేవి. ప్రయాణానికి ముందు వేయించుకునే టీకాలు కావు. దోమతెరకు ప్రత్యామ్నాయం అంతకన్నా కావు.

టీకా తేదీని బట్టి టికెట్టు

కెన్యా, నైజీరియా, ఉగాండా, ఘనా, ఇథియోపియా ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశాలు. అక్కడి నుంచి తిరిగివచ్చే వారి వద్ద టీకా ధ్రువపత్రం లేకపోతే భారత అధికారులు ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే ధ్రువపత్రం జీవితాంతం చెల్లేలా 2016 జూలైలో నిబంధన మారింది.

తొమ్మిది నెలలు నిండని శిశువులకు సాధారణంగా ఈ టీకా ఇవ్వరు. మన ఉదాహరణలోని ఎనిమిది నెలల బాబు లేగోస్‌కు గానీ, నైరోబీకి గానీ వెళ్లాలంటే ఇంకో నెల, ఆపై పది రోజులు ఆగవలసిందే. టికెట్టు కొన్నాక ఈ సంగతి తెలిస్తే డబ్బు నష్టం. గాబరోన్‌కు వెళ్లేవారు సైతం మధ్యలో ఎక్కడ విమానం మారుతున్నారో చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి అడిస్ అబాబాకు 2025 జూన్‌లో నేరుగా విమానాలు మొదలయ్యాయి. ఆ దారిన వెళ్లేవారు టీకా నిబంధనను ముందుగానే తెలుసుకోవాలి.

బడి జనవరిలోనా, ఏప్రిల్‌లోనా?

తెలంగాణలో బడులు జూన్‌లో తెరుస్తారు. కెన్యా, బోట్స్‌వానా, మారిషస్‌లలో స్థానిక విద్యా సంవత్సరం జనవరిలో ప్రారంభమవుతుంది. నైజీరియాలో సెప్టెంబరులో మొదలవుతుంది. తేదీ చూసుకోకుండా బయలుదేరితే బిడ్డ ఆరు నెలలు ఇంట్లో కూర్చోవలసి రావచ్చు, లేదా ఒక తరగతి వెనకబడవచ్చు.

రెండు మూడేళ్లలో తిరిగివచ్చే ఆలోచన ఉన్నవారికి సీబీఎస్ఈ బడి ఉన్న ఊరు అనుకూలం. లేగోస్‌లో, ఘనాలోని తేమాలో, టాంజానియాలోని దారెస్సలాంలో అటువంటి పాఠశాలలు ఉన్నాయి. నైరోబీలో భారతీయులు ఎక్కువగా చదివించే ప్రైవేటు బడులలో బ్రిటిష్ పాఠ్యక్రమానిదే ప్రాబల్యం. అంటే జ్వరం విషయంలో వెనకబడిన లేగోస్ చదువు విషయంలో ముందుంది. అన్నీ అమరిన ఊరు దొరకదు.

భాష కూడా ముఖ్యమే. సెనెగల్, కోట్ డివార్, కాంగోలలో ఫ్రెంచి, అంగోలా, మొజాంబిక్‌లలో పోర్చుగీసు రాజ్యమేలుతాయి. అక్కడ ఆంగ్ల మాధ్యమం కావాలంటే ఖరీదైన అంతర్జాతీయ పాఠశాలే గతి. మారిషస్‌లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛిక భాషలుగా తెలుగు, ఉర్దూ రెండూ బోధిస్తారు. రెండు భాషల మధ్య పెరిగే బహదూర్‌పురా పిల్లలకు ఇంతకన్నా దగ్గరి ఊరు ఆఫ్రికాలో మరొకటి ఉండదేమో.

ఆసుపత్రి, భద్రత

అర్ధరాత్రి బిడ్డకు ఆయాసం వస్తే ఎక్కడికి పరుగెత్తాలి? నైరోబీలో ఆగాఖాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రితో పాటు పిల్లల కోసమే నెలకొల్పిన గెర్ట్రూడ్స్ ఆసుపత్రి ఉంది. గాబరోన్‌లో ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నా క్లిష్టమైన కేసులను సుమారు 350 కిలోమీటర్ల దూరంలోని జొహన్నెస్‌బర్గ్‌కు తరలిస్తుంటారు. సుస్థిర దేశంగా పేరున్న బోట్స్‌వానాలోనూ మందుల కొరత కారణంగా 2025 ఆగస్టులో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కనుక యాజమాన్యం ఇచ్చే బీమాలో భార్యాపిల్లల పేర్లు ఉన్నాయా, విమానంలో మరో దేశానికి తరలించే ఖర్చు అందులో ఉందా అన్నది కాగితం మీద చూసుకోవాలి.

భద్రతను తేలికగా తీసుకోరాదని అనుభవాలు చెబుతున్నాయి. లిబియాలోని సిర్త్‌లో 2015 జూలైలో అపహరణకు గురైన ఇద్దరు తెలుగు అధ్యాపకులకు 2016 సెప్టెంబరులో గానీ విముక్తి లభించలేదు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో పోరు చెలరేగినప్పుడు ఆపరేషన్ కావేరి పేరిట 3,800 మందికి పైగా భారతీయులను ప్రభుత్వం తరలించింది. 2025 జూలైలో మాలిలోని కేస్ ప్రాంతంలో ఒక సిమెంటు కర్మాగారం నుంచి ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకెళ్లారు. లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్‌లకు ఉద్యోగానికి వెళ్లే వారిలో పదో తరగతి పూర్తికాని వారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందవలసి ఉంటుంది. పిల్లలతో వెళ్లదగిన ఊళ్లు ఎన్నో ఉండగా ఇటువంటి చోట్లకు కుటుంబాన్ని తీసుకువెళ్లకపోవడమే మంచిది.

జీతం ఏ కరెన్సీలో?

ఒప్పందంలోని అంకె కన్నా అది ఏ కరెన్సీలో ఉందన్నదే ముఖ్యం. 2023 జూన్‌లో నైజీరియా మారకపు విధానం మార్చినప్పుడు డాలరుకు 470 నైరాల ప్రాంతంలో ఉన్న విలువ 2024లో 1,500 నైరాలు దాటింది. ఇథియోపియాలో 2024 జూలై చివరన 57 బిర్లకు వచ్చిన డాలరు కొద్ది వారాల్లోనే 100 దాటింది. స్థానిక కరెన్సీలో జీతం, డాలర్లలో బడి ఫీజు అయితే ఏ కుటుంబమూ తట్టుకోలేదు.

మరి ఆ కుటుంబం ఏం చేయాలి?

ఎనిమిది నెలల బాబు ఉన్నంతవరకు లేగోస్‌కు కుటుంబంతో వెళ్లడం సాహసమే. పెద్దాసుపత్రి కావాలంటే నైరోబీ, జ్వరం భయం వద్దనుకుంటే గాబరోన్ మేలు. రెండింటిలోనూ జీతం తగ్గుతుంది. ఆ తగ్గింపును బిడ్డల క్షేమానికి పెట్టిన ఖర్చుగా లెక్కవేసుకోవాలి. ఏ ఊరు ఖాయమైనా తండ్రి రెండు మూడు నెలలు ముందుగా వెళ్లి ఇల్లు, బడి, ఆసుపత్రి చూసుకుని, బడి తెరిచే నెలకు కుటుంబాన్ని రప్పించుకోవడం ఉత్తమం. విజిట్ వీసాపై వెళ్లి అక్కడ వర్క్ పర్మిట్ తీసుకోవచ్చన్న ఏజెంట్ల మాట నమ్మరాదు.

సంతకానికి ముందు సంస్థను అడగవలసినవి

* ఉద్యోగం రాజధానిలోనా, మరో ఊరిలోనా? మధ్యలో బదిలీ చేస్తారా?
* వర్క్ పర్మిట్‌తో పాటు భార్యాపిల్లల అనుమతి పత్రాల ఖర్చు ఎవరిది?
* బడి ఫీజు, ఏటా ఇంటికి వచ్చే టికెట్లు ఎందరికి ఇస్తారు?
* జీతంలో ఎంత భాగం డాలర్లలో, ఏ బ్యాంకులో పడుతుంది?
* అల్లర్లు చెలరేగితే కుటుంబాన్ని తరలించే బాధ్యత ఎవరిది?

పిల్లల పేరు నమోదైన జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, టీకాల కార్డు బయలుదేరక ముందే సిద్ధం చేసుకోవాలి. బోట్స్‌వానా, మారిషస్, దక్షిణాఫ్రికాలకు అపోస్టిల్ ముద్ర చెల్లుతుంది. మిగతా దేశాలకు రాయబార కార్యాలయం ధ్రువీకరణ అవసరమా అన్నది ముందే విచారించాలి.

సంస్థ చెప్పే మాటలతో సరిపెట్టుకోకుండా ఆ ఊళ్లో పిల్లలతో ఉంటున్న ఒక భారతీయ కుటుంబంతో ఫోనులో మాట్లాడాలి. కిందటి ఏడాది పిల్లలకు ఎన్నిసార్లు జ్వరం వచ్చింది, రాత్రివేళ ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లారు అని అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి. సెలవులకు ఇంటికి వచ్చాక బిడ్డకు జ్వరం వస్తే ఆఫ్రికా నుంచి వచ్చామన్న సంగతే వైద్యుడికి మొదట చెప్పాలి. ఊరు మారి నెలలు గడిచాక కూడా మలేరియా బయటపడుతుంది.