ముందు చిట్టా, పిదప ఆవర్జా

ఒకరి ఖాతానుండి నూరు రూపాయలు తగ్గించి మరొకరి ఖాతాకు కలుపవలెను. కంప్యూటరునకు ఇవి రెండు పనులు. మొదటిది ముగిసి రెండవది మొదలుకాకముందే విద్యుత్తు పోయినచో ఆ నూరు రూపాయలు ఎవరివి? ఇచ్చినవానివద్ద లేవు, పుచ్చుకొనువానికి చేరలేదు.

ఈ చిక్కును విడదీసినవారిలో అమెరికా దేశీయుడు జిమ్ గ్రే ముఖ్యుడు. 1970 దశకమున ఐ.బి.ఎం. పరిశోధనాలయమున నుండగా ఆయన విశదీకరించిన పద్ధతి మన వర్తకులకు క్రొత్తదేమియు కాదు. చేయబోవు మార్పును, పాత విలువతో సహా, ముందుగా చిట్టాలో వ్రాసి డిస్కుపై భద్రపరచినగాని అచ్చటి ఆవర్జాను ముట్టరాదు. ‘ముగిసినది’ అన్న మాట చిట్టాకెక్కెనా, యంత్రము పడి లేచినను ఆ మార్పు నిలుచును. ఎక్కలేదా, పాత విలువలే తిరిగి వచ్చును. సగము పని మిగులదు. ఒకే ఖాతాను ఇద్దరొక్కమారు మార్చబోయినచో తాళము పడును, రెండవవాడు వేచియుండవలసినదే. నమ్మకమునకు ఆ మాత్రపు వెల తప్పదు.

1983లో హెర్డర్, రాయిటర్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఈ గుణముల తొలి అక్షరములు కూర్చి ‘యాసిడ్’ అని పేరు పెట్టిరి. పేరు కొంత ఘాటే! గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారము లభించెను. 2007 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ఒంటరిగా తెరచాప పడవపై సముద్రములోనికి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. పడవయు దొరకలేదు.