చలికాలంలో బెల్లం పొయ్యి: వేడి ఎక్కడ పోతున్నది?

చోడవరం ప్రాంతంలో చెరకు ఆడి బెల్లం వండే పని చలి నెలలలోనే ముమ్మరంగా సాగుతుంది. ఆ రోజులలో వంట ఆలస్యమైతే రసం చల్లగా ఉండటమే కారణమనుకోవడం సహజం. లెక్క చూస్తే అది చిన్న కారణమే. కిలో రసం 10 డిగ్రీలు చల్లగా ఉంటే అదనంగా కావలసిన ఉష్ణం సుమారు 40 కిలోజౌళ్లు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు పడుతుంది. అసలు దోషం పిప్పి తడిది. గానుగ నుండి వచ్చిన పిప్పిలో దాదాపు సగం నీరే. మంచు కురిసే రోజులలో అది త్వరగా ఆరదు. మంట ముందుగా ఆ నీటినే ఆవిరి చేయవలసి వస్తుంది. వంట సాగినకొద్దీ సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి బెల్లం నల్లబడుతుంది, మెత్తబడుతుంది. అనకాపల్లి మార్కెట్లో రంగు తగ్గితే ధర తగ్గుతుంది.

కనుక పొయ్యి గోడ మందం పెంచడం చివరి పని. పిప్పిని ఎండలో పలుచగా పరచి, సాయంత్రానికి కుప్పవేసి కప్పాలి. పెనం అంచు చుట్టూ సందులను బంకమట్టితో మూయాలి. బయటి గాలి చల్లబడితే పొగగొట్టం మరింత బలంగా లాగి వేడిని వెంట తీసుకుపోతుంది. అందులో తెరిచి మూసే ఇనుప పలక అవసరం. వీలైతే పొగ దారిపై రెండవ పెనం పెట్టి, తరువాతి రసాన్ని ముందుగా వేడి చేయాలి. ఇందుకు అదనపు పిప్పి అక్కరలేదు.