కలలో ఉన్నామని కలలోనే తెలియాలంటే

ముక్కును రెండు వేళ్లతో నొక్కి, నోరు మూసుకుని గాలి పీల్చబోండి. ఊపిరి ఆడలేదంటే మెలకువగా ఉన్నట్టు. హాయిగా ఆడితే అది కలే. కల నడుస్తుండగానే అది కలని తెలుసుకోవాలనుకునేవాళ్లకు తరచూ వినిపించే చిట్కా ఇది. పగలు పదేపదే ఇలా చూసుకుంటే ఆ అలవాటు కలలోకీ వచ్చేస్తుందట. వినడానికి బాగానే ఉంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం పెద్దగా పనిచేయదు.

ఇలాంటి కలను లూసిడ్ డ్రీమ్ అంటారు. అదివరకటి అధ్యయనాలన్నిటినీ కలిపి 2016లో లెక్క చూస్తే, జీవితంలో ఒక్కసారైనా వచ్చినవాళ్లు 55 శాతం, నెలకొకసారైనా వచ్చేవాళ్లు 23 శాతం తేలారు. అసలు ఇవి నిజమేనా అన్న అనుమానం 1975లో తీరింది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒంట్లో చాలా కండరాలు కదలలేని స్థితిలో ఉంటాయి గానీ కళ్లు కదులుతాయి. బ్రిటన్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పరిశీలిస్తుండగా, అలాన్ వర్స్‌లీ ముందే అనుకున్న ప్రకారం కలలోంచే కళ్లను కుడిఎడమలకు తిప్పి సైగ చేశాడు. కొన్నేళ్లకు అమెరికాలో స్టీఫెన్ లబెర్జ్ కూడా విడిగా ఇదే చూపించాడు.

చనిపోయిన తాతయ్య వచ్చి విస్తరి ముందు కూర్చున్నా కలలో మనకు వింతగా తోచదు. మంచిచెడ్డలు బేరీజు వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని కొన్ని భాగాలు రెమ్ నిద్రలో మందగిస్తాయి. అనుమానమే పుట్టని చోట ముక్కు నొక్కుకుని చూడాలని ఎవరికి తోస్తుంది? పైగా పగలు యాంత్రికంగా చేసేవాళ్లు కలలోనూ అంతే యాంత్రికంగా చేసి, ‘మెలకువలోనే ఉన్నాను’ అని సరిపెట్టుకుంటారు.

లబెర్జ్ పట్టుకున్న దారి వేరు. సాయంత్రం ఇంటికొస్తూ కరివేపాకు కొనాలని పొద్దున అనుకుంటాం. కూరగాయల బండి కనబడగానే అది గుర్తొస్తుంది. ఆ జ్ఞాపకశక్తినే ఆయన వాడుకున్నాడు. రాత్రి మధ్యలో లేచి, అప్పుడే వచ్చిన కలను గుర్తు చేసుకోవాలి. ఈసారి కల వస్తే అది కలని గుర్తుపట్టాలని మనసులో గట్టిగా అనుకుంటూ, ఆ కలలోనే మేలుకున్నట్టు ఊహిస్తూ మళ్లీ పడుకోవాలి. ఈ పద్ధతి పేరు మైల్డ్. వేళ కూడా ముఖ్యం. రెమ్ నిద్ర తెల్లవారుజాము వైపే ఎక్కువ కాబట్టి, ఐదు గంటలు పడుకున్నాక లేవడం మేలు.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో డెన్‌హామ్ ఆస్పీ వీటిని పోల్చి 2017లో ఫలితాలు ప్రకటించాడు. పగటి పరీక్ష, రాత్రి లేవడం, మైల్డ్ మూడూ కలిపి వారంపాటు చేసినవాళ్లకు 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. మైల్డ్ ముగించిన ఐదు నిమిషాల్లోపే నిద్రపట్టినవాళ్లలో అది దాదాపు 46 శాతం. ఈ రెండో అంకె దగ్గరే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆగి ఆలోచించాలి. సంకల్పం ఎంత గట్టిదైనా, గంటసేపు దొర్లితే దాని పట్టు సడలుతుంది. లేచి దీపాలన్నీ వేసి, ఫోన్ చూస్తూ కూర్చుంటే కల సంగతి అలా ఉంచండి, నిద్రే పోతుంది.

మందు దారీ ఉంది. అల్జీమర్స్ రోగులకిచ్చే గాలంటమైన్‌ను 2018 నాటి అధ్యయనంలో 121 మందిపై పరీక్షించారు. వాళ్లూ రాత్రి మధ్యలో లేచి మైల్డ్ చేశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న రాత్రి 14 శాతం మందికి, 8 మిల్లీగ్రాములు వేసుకున్న రాత్రి 42 శాతం మందికి ఇలాంటి కల వచ్చింది. అంకె ఊరించేదే. కానీ గుండె వేగాన్ని తగ్గించగల మందును సరదా కోసం సొంతంగా మింగడం తెలివితక్కువ పని.

మందు లేకపోయినా మూల్యం ఉంది. నిద్ర తెగుతుంది. తెగిన నిద్రలో కొందరికి మెలకువ వచ్చినా ఒళ్లు కదలదు, గుండెల మీద దెయ్యం కూర్చున్నట్టు అనిపిస్తుంది. నిద్రలేమి ఉన్నవాళ్లూ, ఏది నిజమో ఏది భ్రమో తేల్చుకోలేని మానసిక సమస్యలున్నవాళ్లూ దీని జోలికి పోకూడదు. మిగతావాళ్లు మర్నాడు తీరిగ్గా లేవగలిగే సెలవు రోజు చూసుకుని ప్రయత్నించవచ్చు. లేవగానే కలలు రాసుకోవడంతో మొదలుపెట్టాలి, గుర్తే ఉండని కలలో ఎరుక కలిగినా మనకు తెలియదు కదా.