చెరువుల్లో ఏటా చేపపిల్లలను ఎందుకు వదులుతారు?

వానలు పడి చెరువులు నిండాక కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో నీళ్లలోకి చేపపిల్లలను వదులుతారు. చెరువులో పెద్ద చేపలు ఉంటాయి కదా, అవే గుడ్లు పెట్టవా?

ఇలా వదిలే రవ్వ, బొచ్చె చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద కావాలి. కొత్తనీటి ఒరవడి తగిలితేనే మెదడు కిందున్న పీయూష గ్రంథి హార్మోన్లు విడుదల చేస్తుంది. అప్పుడే తల్లిచేప గుడ్లు వదులుతుంది. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో ఆ గ్రంథి రసాన్నే సూదితో ఎక్కించి చేపలచేత గుడ్లు పెట్టించారు. ఎంత గొప్ప పని! అంతకుముందు ఈ చేపల పిల్లల కోసం నదుల్లో వెతకాల్సి వచ్చేది. మానేరు, కడెం వంటి నదుల మీద ఆనకట్టలు వచ్చాక చేప ఎగువకు ఈదే దారికి కూడా అడ్డు పడింది.

మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను తీరే వేరు. అది నిలవ నీటిలోనే, గడ్డి నడుమ గూడు చేసుకుంటుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. అప్పుడు పెద్ద చేపను పట్టేస్తే పిల్లల్ని వేరే చేపలు మింగేస్తాయి.

అందుకే చేపలు గుడ్లు పెట్టే వానకాలంలో వేట ఆపాలి. వల కన్ను కూడా పెద్దదిగా ఉండాలి. సన్నకన్ను వలలో చిక్కిన వేలెడంత బొచ్చె పిల్ల, బాగా మేస్తే ఏడాదిలో కిలో దాకా తూగేది.